నా నవలలో లేని సీను

నవల సినిమాగా వస్తోందని తెలియగానే మా వీధిలో అందరూ అడిగిన మొదటి ప్రశ్న, ఎంతిచ్చారు? రెండోది, హీరో ఎవరు? కథేంటని అడిగినవాళ్లు లేరు. సగం మంది వారపత్రికలో అప్పటికే చదివేశారు, మిగతా సగం ఎలాగూ సినిమా చూస్తారు. మొదటి ప్రశ్నకి ఇప్పుడైనా జవాబు చెప్పేస్తాను: కొర్లగుంటలో మా ఇంటికి రేకులు తీసేసి మిద్దె వేసుకోవడానికి సరిపోయింది, పైన పిట్టగోడకి సరిపోలేదు. పిట్టగోడ తర్వాత మా ఆవిడ చీటీ పాడి కట్టించింది. హీరో పేరు, సినిమా పేరు మాత్రం ఇక్కడ రాయడం లేదు. అందులో పనిచేసినవాళ్లలో కొందరు ఇప్పటికీ నాతో మాట్లాడతారు, అది అలాగే సాగాలని నా కోరిక.

నేను అప్పుడు తిరుపతి రైల్వే స్టేషన్ ఎదురుగా, గోవిందరాజస్వామి గుడికి పోయే దారిలో ఒక లాడ్జీలో కౌంటర్ మీద కూర్చునేవాడిని. పెద్ద లాడ్జీ ఏం కాదు. కింద టిఫిన్ హోటలు, పైన రెండంతస్తుల గదులు, మెట్ల పక్కన నా కౌంటరు, నా వెనకాల చెక్క బోర్డు, దానికి కొట్టిన మేకులకి తాళంచెవులు. ఆధార్ లేదు, ఫోటో ఉన్న కార్డు చూపించమని అడిగే అలవాటూ లేదు. వచ్చినవాడు రిజిస్టర్‌లో పేరు, ఊరు రాసి, ఎందుకొచ్చారు అనే గడిలో 'దైవదర్శనం' అని రాసి సంతకం పెడితే గది ఇచ్చేయడమే. ఆ గడిలో ఇంకో మాట చూసింది చాలా తక్కువ. దేనికోసం వచ్చినా ఈ ఊర్లో అందరూ అదే రాస్తారు.

మా ఊర్లో లాడ్జీ కౌంటర్ మీద కూర్చున్నవాడికి ఒక కష్టం ఉంది, బయటి ఊరివాళ్లకి చెబితే నవ్వుతారు. పొద్దున ఒత్తు జుట్టు, గుబురు మీసంతో సామాను గదిలో పడేసి కొండకి పోయిన మనిషి, మర్నాడు నున్నటి గుండుతో, మీసం లేకుండా, తలకి గంధం పూసుకుని దిగుతాడు. వెనకాల పిల్లలు, ముసలివాళ్లు, కొన్ని కుటుంబాల్లో ఆడవాళ్లు కూడా అలాగే. కల్యాణకట్టలో తీసేది జుట్టే గానీ, మనం ఒక మనిషిని గుర్తుపెట్టుకునేది సగం దాన్ని బట్టే అని నాకు ఆ కౌంటర్ దగ్గరే తెలిసింది. ఒకేసారి ఆరేడు గుండ్లు నా ముందు నిలబడి తాళం అడిగితే ఎవరిది ఏ గదో ఎట్లా చెప్పేది? గొంతుని బట్టి, చొక్కాని బట్టి, చేతి గడియారాన్ని బట్టి గుర్తుపట్టేవాడిని. అనుమానం వస్తే రిజిస్టర్ ముందుకు తోసి, ఇంకో సంతకం పెట్టండి సామీ అని అడిగేవాడిని. కోపం చేసుకున్నవాళ్లూ ఉన్నారు.

ఒక సాయంత్రం స్టేషన్ ముందర ఒక పెద్దావిడ, మాటని బట్టి మదనపల్లె వైపు మనిషి, ఎవరో గుండాయన చెయ్యి గట్టిగా పట్టుకుని 'యాడికి పోతివిరా నాయనా, ఇంతసేపూ ఎతుకుతా ఉండాను' అని తిడుతోంది. ఆయన తమిళాయన. ఏదో చెప్పబోతున్నాడు, ఈమె వినడం లేదు, అసలు కొడుకు సోడా బండి దగ్గరనుంచి పరిగెత్తుకుంటూ వచ్చాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు, ఆవిడ కూడా నవ్వింది. నేను మాత్రం నవ్వలేదు. కన్నతల్లే పోల్చుకోలేకపోతే లాడ్జీ గుమాస్తా ఎంత అనిపించింది. ఆ రాత్రి డ్యూటీలో పాత రిజిస్టర్ వెనక పేజీల్లో నాలుగు లైన్లు రాసుకున్నాను. నవల అక్కడ మొదలైంది.

కథ క్లుప్తంగా చెప్తాను. భార్యా భర్తా, మూడో ఏడు నడుస్తున్న పిల్లాడూ లాడ్జీలో దిగుతారు. నడక దారిన కొండకి పోతారు. మర్నాడు ముగ్గురూ వస్తారు, తండ్రికీ పిల్లాడికీ గుండ్లు. గది ఖాళీ చేసి చిత్తూరు పోతారు, అక్కడ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో భర్త పేరు మీదున్న మామిడితోట అమ్మేస్తారు. దిగివచ్చినవాడు ఎక్కినవాడు కాదు. ఎక్కినవాడు అలిపిరి మెట్లకి దూరంగా అడవిలో ఉన్నాడు. భార్యే 'ఏమండీ' అని పిలుస్తుంటే అనుమానం ఎవరికొస్తుంది? రిజిస్ట్రేషన్ దగ్గర కూడా ఫలానా మనిషి ఈయనే అని ఇద్దరు సాక్షులు చెబితే సరిపోయే కాలం అది. దస్తావేజు మీద అమ్మేవాడి, కొనేవాడి ఫోటోలు అంటించాలని చట్టంలో చేర్చింది 2001లో, 32ఎ సెక్షన్ కింద. నా హంతకుడు అంతకంటే ముందే పని ముగించుకున్నాడు. కథంతా లాడ్జీ గుమాస్తా చెబుతాడు. అతనికి దొరికిన ఒకే ఒక్క ఆధారం రిజిస్టర్‌లో రెండు సంతకాలు, వచ్చినప్పటిదీ పోయేటప్పటిదీ. ఆఖరికి వేలిముద్రతో కేసు తేలుతుంది.

1988లో వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. ప్రతి వారం భాగాన్ని అరఠావుల మీద ఒకవైపే రాసి, ఆలస్యమైతే స్టేషన్‌లో ఆర్ఎంఎస్, అంటే రైల్వే తపాలా వాళ్ల దగ్గరికి పరిగెత్తి లేట్ ఫీ స్టాంపు అంటించి వేసేవాడిని. లాడ్జీ స్టేషన్ ఎదురుగా ఉండటం వల్ల నేను రచయితనయ్యాను అని చెబితే పూర్తిగా జోక్ కాదు. పాఠకుల నుంచి పదిహేను పైసల కార్డులు లాడ్జీ అడ్రసుకే వచ్చేవి. మా ఓనరు ముందు విసుక్కున్నాడు, తర్వాత తనే ముందు చదివి నాకిచ్చేవాడు. 'ఏమబ్బా, వచ్చే వారం వాడు దొరకతాడా లేదా, నాకొక్కడికి చెప్పు' అని రాత్రి పది గంటలకి కౌంటర్ మీద మోచేతులు పెట్టుకుని అడిగేవాడు. చెప్పలేదు. నిజానికి నాకే తెలీదు.

ఆ రోజుల్లో నవలకి సినిమావాళ్ల దగ్గర గిరాకీ ఉండేది. అంతకు ముందు యద్దనపూడి సులోచనారాణి గారి నవలలు ఒకదాని తర్వాత ఒకటి తెరకెక్కాయి. 1983లో యండమూరి వీరేంద్రనాథ్ గారి 'అభిలాష' కోదండరామిరెడ్డి గారి దర్శకత్వంలో వచ్చి బాగా ఆడాక, సస్పెన్స్ సీరియల్ అంటే నిర్మాతలు వెతుక్కుని మరీ చదివేవారు. నా సీరియల్ పూర్తయి, విజయవాడలో పుస్తకంగా అచ్చయి, అద్దె పుస్తకాల షాపుల్లో అట్టలు ఊడిపోయే దశకి వచ్చాక లాడ్జీకి మద్రాసు నుంచి ఫోన్ వచ్చింది. ఇంట్లో ఫోన్ ఎక్కడిది. ఓనరే ఎత్తి, రిసీవర్‌కి చెయ్యి అడ్డం పెట్టి, 'సినిమావోళ్లు' అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహం చూడాల్సింది.

అప్పటికే తెలుగు సినిమా ఆఫీసులు చాలావరకు హైదరాబాద్ తరలిపోతున్నాయి. ఈ నిర్మాత మాత్రం ఇంకా మద్రాసులోనే, టీ నగర్‌లో పానగల్ పార్క్ పక్క వీధిలో ఉన్నాడు. మాకు అది నయం. పొద్దున బస్సెక్కి పుత్తూరు, నగరి, తిరుత్తణి, తిరువళ్లూరు మీదుగా పోతే మధ్యాహ్నం భోజనం వేళకి అక్కడుండొచ్చు. స్టోరీ సిట్టింగ్ అంటే ఏంటో నాకు తెలీదు. ఒక గదిలో పరుపులు పరిచి, దిండ్లు వేసి, మధ్యలో కాఫీ ఫ్లాస్కు పెట్టుకుని కూర్చున్నారు. దర్శకుడు, కో-డైరెక్టర్, మాటల రచయిత, నిర్మాత, నిర్మాత బావమరిది. బావమరిది ఏం చేస్తాడో నేను చివరిదాకా కనుక్కోలేకపోయాను, కానీ ప్రతి సీనుకీ ఒక అభిప్రాయం ఉండేది ఆయనకే.

మొదటి అభ్యంతరం నా గుమాస్తా మీద. 'రచయిత గారూ, హీరో లాడ్జీ గుమాస్తా అయితే సీడెడ్‌లో ఎవడు కొంటాడండీ?' అన్నాడు నిర్మాత. సీడెడ్ అంటే మా రాయలసీమే, అంటే నా గుమాస్తాని నా ఊరివాళ్లే కొనరని ఆయన నాతోనే అంటున్నాడు. గుమాస్తా కాస్తా లాడ్జీ ఓనరు కొడుకయ్యాడు, లా చదువుతున్నాడు, రెండు ఫైట్లు వచ్చు. హీరోయిన్ వచ్చింది. టిఫిన్ హోటల్లో కామెడీ ట్రాక్ వచ్చింది. ఇవన్నీ ఒక్క మధ్యాహ్నంలో అయిపోయాయి, నాకు పెద్దగా బాధ కూడా కలగలేదు. హీరో లేకుండా సినిమా ఎట్లా తీస్తారు, వాళ్ల డబ్బు వాళ్లది.

అసలు గొడవ తర్వాతిది, దాని మీద వారాలు పట్టింది. దర్శకుడు మాట్లాడేది తక్కువ. నవలని అట్టలు వెనక్కి మడిచి చేతిలో పట్టుకుని ఉండేవాడు, అంచుల నిండా పెన్సిల్ రాతలు. ఆయన అన్నాడు: 'మీరు కాగితం మీద గుండు మనిషి అని రాశారు. పోయినవాడూ గుండు మనిషే, వచ్చినవాడూ గుండు మనిషే. చదివేవాడికి తేడా లేదు. నా కెమెరాకి ఇద్దరు మనుషులు కనపడతారు సార్. థియేటర్లో ముందు బెంచీవాడు కూడా రెండో రీల్లోనే చెప్పేస్తాడు, వీడు వేరేవాడు అని. ఇంక నా దగ్గరేం మిగిలింది?'

నేను రాసేటప్పుడు నాకు ఇది తట్టే అవసరమే లేదు. అక్షరం మొహాన్ని చూపించదు, మనం చెప్పినంతే చూపిస్తుంది. నా నవల సస్పెన్సంతా చూపించకుండా దాచుకున్న ఒక మొహం మీద నిలబడి ఉంది, సినిమా అంటేనే మొహం చూపించడం. థ్రిల్లర్ రాసేవాళ్లెవరైనా ఉంటే ఇది గుర్తుపెట్టుకోండి, మీ మలుపు చూడటంలో ఉందా, చెప్పడంలో ఉందా అని. చెప్పడంలో ఉంటే ఆ మలుపు తెర మీదకి రాదు, దాని బదులు ఇంకొకటి పుట్టాలి.

బావమరిది వెంటనే డబుల్ రోల్ అన్నాడు. కవలలు, చిన్నప్పుడే తిరనాళ్లలో తప్పిపోయారు. నిర్మాతకి నచ్చింది కూడా. దర్శకుడు వినలేదన్నట్టు ఊరుకున్నాడు. పేరున్న విలన్ నటుడిని పెడదామన్నారు, దానికి మాత్రం ఆయన గట్టిగా అడ్డం పడ్డాడు. తెలిసిన నటుడు చిన్న వేషంలో కనపడ్డాడంటే హంతకుడు వాడేనని జనం టైటిల్స్ దగ్గరే కనిపెట్టేస్తారు. నాటకాల్లో వేసే ఇద్దరిని, ఒడ్డూ పొడుగూ కలిసేవాళ్లని తెచ్చాడు. మొదటివాడి మొహం ఎట్లా దాచాలి? చలికాలం అని పెడదాం, మంకీ క్యాప్ పెడదాం అన్నాను నేను. డిసెంబరులో కొండ మీద చలి తెలిసినవాళ్లు ఎవరూ దాన్ని అనుమానించరు, గోదావరి జిల్లాల నుంచి వచ్చేవాళ్లయితే రేణిగుంటలోనే తగిలించుకుంటారు. నా ఆలోచన సినిమాలో ఉన్నది ఏదైనా ఉంటే అది ఆ మంకీ క్యాపే. దాంతో మొదటి సగం గడిచింది. కానీ హీరోకి అనుమానం ఎలా రావాలి? సంతకాలు నిర్మాతకి నచ్చలేదు. తెర మీద రెండు సంతకాలు పక్కపక్కన పెడితే సగం మంది చదవలేరు, చదివినవాళ్లకి అందులో ఏముందో అర్థం కాదు అన్నాడు. ఆయన మాటల్లో నేను ఒప్పుకున్నది అదొక్కటే.

అప్పుడు మాట్లాడాడు అప్రెంటిస్. పుత్తూరు కుర్రాడు, ఇంకా జీతం కూడా లేదు, నోట్సు రాయడం, ఫ్లాస్కు నింపుకురావడం అతని పని. తలుపు దగ్గర గోడకి ఆనుకుని కూర్చునేవాడు. 'సార్, నా చిన్నప్పుడు మా నాయన కొండకి పోయి గుండు కొట్టించుకోని వస్తే నేను ఆయన దగ్గరికి పోలేదంట సార్. ఏడ్చినానంట. మా అమ్మ ఇప్పటికీ చెప్తాది' అన్నాడు. అందరూ నవ్వారు. మాటల రచయిత, నేను, అందరం. దర్శకుడు నవ్వకుండా, 'మళ్లీ చెప్పు' అన్నాడు. కుర్రాడు భయపడి మళ్లీ చెప్పాడు. 'ఎప్పుడు పోయావు దగ్గరికి?' 'ఆయన పిలిస్తే పోయినానంట సార్. గొంతు విని.'

సినిమా చూసినవాళ్లకి ఆ సీను గుర్తుండే ఉంటుంది. కొండ దిగివచ్చిన కుటుంబం లాడ్జీ హాల్లోకి వస్తుంది. పిల్లాడు తల్లి చంకలోంచి తండ్రి దగ్గరికి పోడు, పెద్దగా ఏడుస్తాడు. తల్లి నవ్వుతూ 'నాన్న గుండు చూసి జడుసుకున్నాడు' అంటుంది. ఆయన ఏదో పేరు పెట్టి బుజ్జగిస్తాడు, పిల్లాడు ఇంకా గట్టిగా ఏడుస్తాడు. హీరో నవ్వుతాడు, కామెడీ నటుడు తన గుండు చూపించి ఇంకో జోక్ వేస్తాడు, థియేటరంతా నవ్వుతుంది. అంతే, సీను అయిపోయింది. ఇంటర్వెల్ తర్వాత చాలాసేపటికి వేరే కుటుంబం వస్తుంది. ఇంకో గుండు తండ్రి, ఇంకో ఏడ్చే పిల్ల. తండ్రి ముద్దుపేరు పెట్టి పిలుస్తాడు, పిల్ల ఏడుపు ఆపి, ఒక్క క్షణం చూసి, చేతులు చాపి దూకేస్తుంది. కెమెరా హీరో మొహం మీదకి పోతుంది. ఒక్క డైలాగు లేదు.

లాడ్జీ కౌంటర్ దగ్గర అలా ఏడ్చే పిల్లల్ని వారానికి ఎంతమందినో చూసేవాడిని నేను. ఆ కుర్రాడు చెప్పిన రోజు తిరుగు బస్సులో నగరి మగ్గాల చప్పుడు దాటేదాకా నాకు ఒళ్లు మండుతూనే ఉంది. కుళ్లు, ఇంకేం కాదు. అంత ముద్దుగా కళ్ల ముందే పెట్టి దాచడం నాకు చేతనైతే బాగుండేదని.

అగ్రిమెంటు సంగతి కూడా చెప్పాలి. మా వకీలు గాంధీ రోడ్డులో ఉండేవాడు, దేవస్థానం భూముల కేసుల్లో ఉండి ఉండి కాపీరైట్ చట్టం ఎందుకు చదివాడో తెలీదు గానీ చదివాడు. మద్రాసు నుంచి వచ్చిన స్టాంపు కాగితంలో సినిమా, రేడియో, టీవీ, ఇకముందు కనిపెట్టబోయే సమస్త మాధ్యమాలు, ప్రపంచమంతటా, శాశ్వతంగా అని ఉంది. ఎర్ర పెన్నుతో కొట్టేసి, ఒక్క తెలుగు సినిమాకి మాత్రమే అని రాశాడు. 'నా నవలని వాళ్లు ఏం చేసినా నోరు మూసుకోవాల్సిందేనా అన్నా?' అని అడిగాను. 1957 చట్టంలో 57వ సెక్షన్ అని ఒకటుందని, హక్కులు అమ్ముకున్నాక కూడా రచనని వికృతం చేస్తే అడిగే హక్కు రచయితకి ఉంటుందని చెప్పాడు. మన్నూ భండారీ అనే హిందీ రచయిత్రి తన నవలని సినిమాలో పాడుచేశారని కోర్టుకి పోతే 1986లో ఢిల్లీ హైకోర్టు, మాధ్యమం మారినప్పుడు కొన్ని మార్పులు తప్పవు గానీ కథని వేరే కథ చేసెయ్యకూడదని చెప్పిందట. 'నువ్వు కేసేస్తే గెలిచినా గెలుస్తావు. ఆ తర్వాత నీ గుమ్మం ఎక్కే నిర్మాత ఉండడు. చూసుకో' అన్నాడు. నేను చూసుకున్నాను. ఆఖరి వాయిదా సొమ్ము కోసం తిరిగిన తిరుగుడు గురించి మాత్రం రాయబుద్ధి కావడం లేదు. ఆ నిర్మాత ఇప్పుడు లేడు.

షూటింగ్‌కి కొండ మీద అనుమతి దొరికే పని కాదు. కల్యాణకట్టని మద్రాసులో స్టూడియో ఫ్లోర్‌లో సెట్ వేశారు. జూనియర్ ఆర్టిస్టులు గుండు కొట్టించుకోవాలంటే రోజువారీ బాటా కాక పైన ఇంకా ఇవ్వాలన్నారు, అడగడంలో న్యాయముంది. జుట్టు పెరిగేదాకా పెళ్లి సీన్లలో, కాలేజీ సీన్లలో వాళ్లని ఎవరూ పిలవరు. వెనక వరసల్లో నిలబడ్డవాళ్లకి రబ్బరు గుండ్లు తొడిగారు, చెవి దగ్గర అతుకు కనపడుతుంది, ఇప్పుడు టీవీలో చూస్తే ఇంకా బాగా కనపడుతుంది. అడవి తలకోన. 1985లో వంశీ గారు 'అన్వేషణ' అక్కడ తీసినప్పటి నుంచి అడవిలో హత్య అంటే సినిమావాళ్లకి తలకోనే గుర్తొచ్చేది. జలపాతం వైపు పోకుండా గిల్లతీగలు అల్లుకున్న చోట తీశారు. జలగలు మాత్రం ఉచితం.

పిల్లాడిని తెచ్చింది కూడా ఆ పుత్తూరు కుర్రాడే. వాళ్ల బంధువుల్లో ఒకరి బిడ్డకి మూడో ఏట పుట్టువెంట్రుకలు తీయించాలని మొక్కు. నిజంగానే కొండకి పోయి తీయించి, తల మీద గంధం ఆరకముందే సెట్‌కి తీసుకొచ్చారు. దర్శకుడు ఇంకో పని చేశాడు. తండ్రి వేషం వేసే నటుడిని ఆ బిడ్డకి కనపడనివ్వలేదు, షాట్ టైముకి మొదటిసారి ఎదురుపెట్టాడు. రెండో సీనులో దూకే పిల్ల ఉంది చూడండి, ఆ తండ్రి నిజంగా ఆ పిల్ల తండ్రే, నటుడు కాదు. లైట్‌మన్‌గా పనిచేసే మనిషి. ఆ పిల్ల ముద్దుపేరు కూడా అసలు పేరే. ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

తిరుపతిలో మొదటి రోజు మొదటి ఆటకి లీలామహల్ సర్కిల్ దగ్గర నుంచి లాడ్జీ స్టాఫంతా కలిసి నడిచి వెళ్లాం. మా ఓనరు కౌంటరు తాళం వేశాడు, ఆయన బతుకులో అలా వేసింది చాలా అరుదు. నేనేమో చెమటలు పట్టి కూర్చున్నాను. మా ఊరి జనంతో ఇంకో చిక్కుంది, వీళ్లకి కొండ దారి అంగుళం అంగుళం తెలుసు. ఎక్కడానికి కొత్త ఘాట్, దిగడానికి 1944 నాటి పాత ఘాట్ అని పసిపిల్లలకి కూడా తెలిసిన ఊరు. అనుమతి లేక వీళ్లు మదనపల్లె దారిలో భాకరాపేట కనుమలో బస్సు సీన్లు తీసుకొచ్చారు. బస్సు మొదటి మలుపు తిరిగిందో లేదో వెనక నుంచి ఎవరో, 'ఒరేయ్, కొండకి పోవాల్సిన బస్సు మదనపల్లెకి పోతా ఉండాదిరా, ఆపండి!' అని అరిచారు. హాలంతా గోల. నా పక్కన మా ఓనరు కూడా ఈల వేశాడు. నేను సీట్లో కిందికి జారాను.

కానీ ఆ రెండో పిల్ల సీను దగ్గర అదే గొంతు, 'ఆ పిల్లోడు ముందే చెప్పినాడురా!' అని అరిచింది. చప్పట్లు పడ్డాయి. డైలాగు లేని చోట చప్పట్లు అంతకు ముందు నేను వినలేదు. మా ఆవిడ నా వైపు తిరిగి, 'బాగా రాసినారు' అంది. ఆమెకి నవల మొత్తం తెలుసు, ఫెయిర్ కాపీ రాసిపెట్టిందే ఆమె. అయినా అట్లా అంది. నాది కాదు అని చెప్పేలోపు ఫైట్ మొదలైంది.

సినిమా మా వైపు బాగానే ఆడింది. కోస్తాలో పాటలు బాగాలేవని థియేటర్లలోంచి తీసేశారు, అది కూడా నిజమే, పాటలు బాగాలేవు. ఆ తర్వాత వచ్చిన ఉత్తరాల్లో పది మందిలో తొమ్మిది మంది పిల్లాడి సీను గురించే రాశారు. 'మీ నవలలో ఆ ఘట్టం చదివినప్పుడే ఒళ్లు జలదరించింది' అని. నవలలో పిల్లాడు ఏడవడు. నిద్రపోతూ ఉంటాడు, నేను వాడిని ఎక్కడ పెట్టాలో తెలీక తల్లి భుజం మీద నిద్రపుచ్చాను. కడప నుంచి ఒకాయన అది ఏ వారం సంచికలో వచ్చిందో కూడా రాశాడు. ఆ సంచిక తీసి చూశాను, అందులో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఉంది.

పుస్తకం మళ్లీ వేస్తున్నప్పుడు విజయవాడ పబ్లిషర్ ఆ సీను చేర్చి రాయమన్నాడు, అట్ట మీద సినిమా బొమ్మ వేస్తానన్నాడు. బొమ్మకి సరే అన్నాను. సీను గురించి వకీలుని అడిగాను, చేర్చుకుంటే తప్పా అని. ఆలోచన మీద ఎవరికీ కాపీరైట్ ఉండదని, దాన్ని రాసిన, తీసిన తీరు మీదే ఉంటుందని సుప్రీంకోర్టు 1978లోనే ఆర్.జి. ఆనంద్ కేసులో చెప్పిందన్నాడు. గుండాయన గొంతు విని పిల్ల గుర్తుపట్టడం అనేది ఎవరి సొత్తూ కాదు, నీ మాటల్లో నువ్వు రాసుకో అన్నాడు. చట్టం అంత ఉదారంగా ఉన్నా నాకు చేతులు రాలేదు. ఆ కుర్రాడి పేరు టైటిల్స్‌లో సహాయకుల జాబితాలో చివర ఉంది, అదీ చదివేలోపు పోతుంది. సీను చేర్చకుండా, ముందుమాటలో ఆ సీను ఎవరిదో పేరు పెట్టి రాసి పంపాను. పుస్తకం వచ్చాక చూస్తే ముందుమాట ఒక పేజీకి కుదించి ఉంది, ఆ పేరా పోయింది. స్థలం చాలలేదట.

కుర్రాడు తర్వాత హైదరాబాద్ పోయాడు, టీవీ సీరియళ్లు తీశాడు, ఇప్పుడు కుర్రాడేం కాదు, వాళ్ల అమ్మాయికి పెళ్లి కూడా చేశాడు. మొన్న దర్శనానికి వచ్చి మా ఇంటికొచ్చాడు. పిట్టగోడ మీద చెయ్యి ఆనించి నిలబడి, నవలని వెబ్ సిరీస్‌గా తీస్తానన్నాడు, హక్కులు ఇవ్వమన్నాడు. మా వకీలు ఎర్ర పెన్నుతో కొట్టేసిన మాటల విలువ నాకు అప్పుడు తెలిసింది, హక్కులన్నీ నా దగ్గరే ఉన్నాయి. కానీ కథ ఇప్పుడు నడవదు కదయ్యా అన్నాను. 2023లో దేవస్థానంవాళ్లు గదులు ఇచ్చే దగ్గర మొహం గుర్తుపట్టే కెమెరాలు పెట్టారు, గది తీసుకున్న మొహమే ఖాళీ చేసేటప్పుడు కూడా కనపడాలి. గుండు కొట్టించుకున్నా కెమెరా మోసపోదు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఫోటో, వేలిముద్ర, ఆధార్. నా హంతకుడు అలిపిరి దాటకముందే దొరికిపోతాడు.

'అందుకే సార్, 1988లోనే పెట్టి తీద్దాం' అన్నాడు. 'గుమాస్తాని గుమాస్తాగానే ఉంచుదాం. ఫైట్లు వద్దు. సంతకాలు కూడా వాడదాం, ఇప్పుడు ఫోన్లో ఆపుకొని చూస్తారు కదా.' ఆ మాటకి నేను పడిపోయాను, ఒప్పుకుంటున్నాను. పిల్లాడి సీను ఉంటుందా అని అడిగాను. అది లేకుండా ఎట్లా సార్ అన్నాడు.

ఒక షరతు పెట్టాను. కథ నాది అని పడిన కార్డులోనే, దాని కిందే, ఆ సీను నీది అని నీ పేరు పడాలి. 'డైరెక్టర్‌గా నా పేరు ఎట్లాగూ పడతాది కదా సార్, జనం నవ్వుతారు' అన్నాడు. పడనీ, రెండుసార్లు పడనీ అన్నాను. కాగితాలు పంపిస్తానని పోయాడు. వకీలు కొడుకు ఇప్పుడు అదే గాంధీ రోడ్డు ఆఫీసులో కూర్చుంటున్నాడు, ఎర్ర పెన్ను ఉందా అని ఫోన్ చేసి అడగాలి.